ఎడమ చీలమండ ముందు

ఎప్పుడూ ఎడమ చీలమండే ముందు.
కుడిదానికి ముందు చుట్టిన ఒకే ఒక్క ఆదివారం
నాలుగు బంతులు తీసుకెళ్ళి అవతలివాళ్ళ చేతుల్లో పెట్టాడు
వెండెల్ త్రాస్క్.
ఆ తర్వాత అతను గుర్తుచెయ్యనూ లేదు, నేను మరిచిపోనూ లేదు.

టొలీడోలో, స్టేడియం కింద, కిటికీ లేని గది.
కాళ్ళు చాపుకుని బల్ల మీద కూర్చునేవాడు,
కాఫీలో మూడు చెంచాల పంచదార.
నేను తెల్ల టేపు పర్రున లాగి
మడమ కింద నుంచి, పాదం మీదుగా, తిరిగి మడమకి.
పైన అరవై వేల గొంతులు.
మా ఇద్దరికీ వినబడేది ఆ పర్రు ఒక్కటే.

మొదటి ఆరేళ్ళూ ఆడిందే లేదు.
టోపీ పెట్టుకుని, అట్ట పట్టుకుని, గీత అవతల నిలబడడం.
"ఇంకొకడి మోకాలు విరగాలని కోరుకోకుండా ఉండడమే నా ఉద్యోగం"
అన్నాడోసారి.
"కోరుకోలేదా మరి?" అన్నాను.
"టేపు బిగుసుకుంది, కాస్త వదులు చెయ్" అన్నాడు.

విరిగింది.
డిసెంబరు, ఈరీ సరస్సు మీంచి కత్తిలాంటి గాలి.
మొదటి బంతి మా కోచ్ బూట్ల దగ్గర పడింది.
జనం నవ్వారు.
రెండోది నలభై ఒక్క గజాలు
గాలిని అడగకుండానే వెళ్ళింది.

అక్కణ్ణించి పదమూడేళ్ళు.
పేపర్లవాళ్ళకి అతను గజాలు. నాకు ఎముకలు.
వాళ్ళు గొప్పగా రాసుకున్న సంవత్సరం
నాకు బొటనవేలు వాచిన సంవత్సరం.
రెండు పక్కటెముకలు, ఒక భుజం,
ఎప్పుడూ నీలంగానే ఉండే ఒక గోరు.
లెనోర్ వెళ్ళిపోయిన వారం
రెండు చుట్లు టేపు ఇంటికిమ్మన్నాడు.
కాలికే అనుకున్నాను.
అట్టపెట్టెలకట.

సెమీఫైనల్లో కావలసింది ఒక్క గజం.
మా అమ్మ బట్టల కొట్లో చెక్క కర్రతో కొలిచేది గజాన్ని,
పిల్లలకైతే ఓ నాలుగు వేళ్ళు ఎక్కువే వదిలేది.
ఇక్కడ ఎవరూ వదల్లేదు.
మనుషుల గుట్ట కింద నుంచి లేచేసరికి బంతి అతని దగ్గర లేదు.
ఆ రాత్రి పార్కింగ్‌లో అతని జెర్సీలు తగలబెట్టారు.
సోమవారం వచ్చి కాళ్ళు చాపాడు.
ఎడమది ముందు.

నలభయ్యో ఏట, అక్టోబరులో ఓ ఆదివారం,
బల్ల మీద కూర్చుని కుడి కాలు ముందుకి చాపాడు.

చేతిలో టేపుతో ఆగిపోయాను.
ముందు వారం తల ఎంత గట్టిగా నేలకి తగిలిందో
నేనూ చూశాను, దేశమంతా చూసింది.
బాగానే ఉన్నాడన్నారు డాక్టర్లు.
వేళ్ళు లెక్కపెట్టాడట, నెల పేరు చెప్పాడట.
ఏ కాలు ముందో వాళ్ళకేం తెలుసు,
అడగడానికి.

మెల్లగా ఎడమ పాదం అందుకున్నాను.
ఏమీ అనలేదు అతను. నేనూ ఎవరికీ చెప్పలేదు.
ఆ రోజు గెలిచాం.
గెలిచాం కదా అని
ఇప్పటికీ ఏ తెల్లవారుజామునో నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను,
అది మాత్రం నిద్ర తీసుకురాదు.

ఆఖరి ఆట ఓడిపోయాం, మామూలుగానే.
కత్తెరతో టేపు కోస్తే
లోపల చీలమండ పసిపిల్లాడిదిలా తెల్లగా,
పంతొమ్మిదేళ్ళు ఏ ఎండా ఎరగనట్టు.
బొటనవేలితో ఒకసారి రుద్ది చూసుకున్నాడు,
ఎవరిదో వస్తువు దొరికినట్టు.

మొన్న ఇనప సామాన్ల కొట్లో కనిపించాడు,
టేపులున్న అర ముందు.
"పైపు కారుతోంది, ఏది అంటుకుంటుందండీ?" అన్నాడు.
మొహం కాదు, నా చేతుల వైపే చూస్తూ.
నల్లది తీసిచ్చాను. పొడిగా తుడిచి చుట్టమన్నాను.
థాంక్స్ అన్నాడు, కొత్తవాళ్ళతో అనే థాంక్స్.

తలుపు దాటేటప్పుడు
ఏ కాలు ముందు పెట్టాడో చూడలేదు నేను.
మేకుల డబ్బా ఒకటి తీసి
ధర చదువుతూ నిలబడ్డాను.